మూత కింద చిల్లు

ఊలు టోపీని బల్ల మీద పడేస్తున్నప్పుడే సీఐ ఎలీషాకు తాను చెయ్యరాని పని చేస్తున్నానని తెలుసు. తెలిసే చేశాడు.

పసుపు రంగు టోపీ. ఎనిమిదేళ్ళ పిల్ల తలకు సరిపోయేంత. పొద్దున ప్రత్తిపాడులో పిచ్చయ్య ఇల్లు సోదా చేస్తుంటే దండెం మీద కనిపించింది. హత్యకూ దానికీ ఏ సంబంధమూ లేదు. మందుల దెబ్బకు జుట్టంతా రాలిపోయిన కూతురు భువన కోసం తల్లి అల్లిన టోపీ అది. ఎదుటివాడు నోరు విప్పనప్పుడు ఎక్కడ నొక్కాలో తెలిసిన పోలీసు చెయ్యి, తనంతట తానే దాన్ని తీసి జేబులో పెట్టుకుంది.

"ఇదెవరిదో చెప్పు పిచ్చయ్యా."

పిచ్చయ్య టోపీని చూశాడు. బల్ల మీద టీ ఒలికి ఉంది. రెండు చేతులతో టోపీని ఎత్తి, తడి తగలని చోట పెట్టి, మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మిరపకాయలు ఏరి ఏరి ఎర్రబారిన వేళ్ళు.

"వైద్యం మధ్యలో పిల్లని ఇంటికి తీసుకుపోయింది నువ్వు. పోగొట్టుకుంది నువ్వు. ఆ మాట నలుగురిలో నీ మొహాన అన్నదని డాక్టరమ్మని చంపావు. అంతేగా?"

"చంపాను సార్. నిన్న ఆ సారుకీ చెప్పా. నేనే చంపా."

ఆ సారు అంటే టాస్క్‌ఫోర్స్ ఇన్‌స్పెక్టర్ శ్రీకృష్ణ. కేసు ఎలీషా సర్కిల్‌ది, నేరం ఒప్పించిన ఘనత మాత్రం శ్రీకృష్ణది. గుంటూరు శివార్లలోని పిల్లల క్యాన్సర్ ఆస్పత్రిలో, తన ల్యాబ్‌లోనే డాక్టర్ హారిక చనిపోయి కనిపించింది మొన్న పొద్దున. ఒకే రక్త క్యాన్సర్, ఒకే మందు, ఒకే మోతాదు అయినా కొందరు పిల్లలు ఎందుకు బతుకుతున్నారు, కొందరు ఎందుకు పోతున్నారు అన్నదాని మీద ఆమె పరిశోధన. ముందురోజు సాయంత్రం ఆరున్నరకి పిచ్చయ్య ఆస్పత్రి గేటు దాటి లోపలికి వెళ్ళడం, ఏడు దాటాక పరుగున బయటికి రావడం కెమెరాకు చిక్కింది. ఆ తర్వాత బయటి మనిషి ఎవరూ లోపలికి పోలేదు. రెండు నెలల కిందట వార్డు మొత్తం వింటుండగా హారిక ఇతన్ని తిట్టిందని సాక్ష్యాలున్నాయి. మధ్యాహ్నం మూడింటికి మేజిస్ట్రేట్ ముందు పెడితే శ్రీకృష్ణ పని అయిపోయినట్టే.

అంతా అతికినట్టుంది. ఎలీషాకు నచ్చనిదీ అదే.

"దేంతో కొట్టావు?"

పిచ్చయ్య తలెత్తాడు. "కొట్టటమేంది సార్?"

"చంపానంటున్నావుగా. ఎట్టా చంపావు?"

ఎదురు పిచ్చయ్యే అడిగాడు, గొంతు బాగా తగ్గించి. "ఆ తల్లి ఉరేసుకుందా, పురుగుమందు తాగిందా సార్? నిన్నటి సారుని అడిగితే చెప్పలేదు."

ఎలీషా రాస్తున్న పెన్ను ఆపేశాడు. హారిక తల వెనక దెబ్బ తగిలి పోయింది. ఆ సంగతి ఇతనికి తెలియదు. ఎట్టా పోయిందో కూడా తెలియకుండా ఈ మనిషి నేరం ఒప్పుకున్నాడు.

"నీ వల్ల పోయిందని నువ్వెందుకనుకుంటున్నావు?"

"నా మాట వల్ల పోయింది సార్."

అక్కడి నుంచి అడగాల్సిన పనిలేకపోయింది. కట్ట తెగిన కాలవలా చెప్పుకుపోయాడు.

పోయిన నెల హారిక వాళ్ళింటికి వచ్చిందట. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉంటే వాటి పక్కనే నిలబడి, చేతులు జోడించిందట. వార్డులో అందరి ముందూ నిన్ను అన్న మాట తప్పన్నా అంది. చనిపోయిన పిల్ల రక్తం ల్యాబ్‌లో దాచి ఉంటే మళ్ళీ పరీక్ష చేసిందట. కాయితాల్లో సూదులన్నీ వేసినట్టే ఉంది, పిల్ల రక్తంలో మాత్రం ఆ మందు జాడే లేదు. నువ్వు ఇంటికి తెచ్చినందుకు భువన పోలేదన్నా, అంతకు ముందే దానికి మందు అందలేదు అని ఏడ్చిందట.

"నేను తలుపేసుకున్నా సార్. చానాసేపు అరుగు మీదే కూర్చుని పోయింది."

"ఆ తర్వాత?"

"పిల్లని తెచ్చుకునే రోజు వార్డులో ఒక ఇంజెక్షన్ సీసా ఇచ్చి పంపారు. పాప పేరు అతికించి ఉంది. గుంటూరులో ఎవరిచేతన్నా వేయించుకోమన్నారు. వేయించేలోగానే పోయింది. పారెయ్యబుద్ధి కాక మెడికల్ షాపు ఫ్రిజ్‌లోనే ఉంచమన్నా. ఆ సంగతి గుర్తుకొచ్చి, అటుమొన్న సాయంత్రం తీసుకెళ్ళి డాక్టరమ్మకిచ్చా. సీలు తియ్యని సీసా సార్. ప్లాస్టిక్ మూత పైకి లేపింది. కింద రబ్బరు ఉంటది చూడండి, దాని మీద సూది పొడిచిన చిల్లుంది. తెరవని సీసాకి చిల్లెక్కడిదని నేనడిగితే, కుర్చీలో కూలబడి, నీ బిడ్డకి నీళ్ళు పొడిచారన్నా అంది."

పిచ్చయ్య టోపీ వైపు చూడకుండా గోడవైపు చూస్తున్నాడు.

"ఎవరు చేశారో తెల్లారేలోగా తేలుస్తా, అందాకా ఎవరికీ చెప్పొద్దంది. ఈ మాట పొక్కితే తల్లులంతా పిల్లల్ని ఎత్తుకుని ఇళ్ళకి పోతారు, మంచి మందు వచ్చేలోగా వాళ్ళూ పోతారంది. నేను సరేనన్నా. అని ఊరుకుంటే పొయ్యేది. నా బిడ్డ పోయినాక కూడా మీరు ఎట్టా బతికున్నారమ్మా అన్నా. ఆ మాట ఎట్టా వచ్చిందో నాకు తెలవదు. ఆమె నోరెత్తలా. ఆ మొహం చూడలేక పరిగెత్తా."

"పరిగెత్తి ఎక్కడికి పోయావు? ఆ రాత్రి ఇంట్లో లేవు."

"కనిగిరి పక్కన మా అత్తగారి ఊరు. నా పెళ్ళాం గురవమ్మ అక్కడే ఉంది. పిల్లని చంపుకున్నావని నా మీద కోపంతో పుట్టింటికి పోయింది. నా తప్పు కాదని ఒక్క మాట చెబుదామని బస్సెక్కా. తెల్లారి గుమ్మం దాకా పోయా. డాక్టరమ్మకి మాటిచ్చా కదా అని గుర్తొచ్చి, అట్నుంచి అటే వచ్చేశా."

ఒక్క మాటతో పెళ్ళాం దగ్గర తేలికపడగలిగిన మనిషి, ఆ మాట మింగి, పైగా హత్యను నెత్తిన వేసుకున్నాడు. అతని ముందు తాను టోపీ పరిచి పిల్లను చంపుకున్నది నువ్వేనన్నాడు. ఎలీషా కళ్ళు ఎత్తలేక బల్ల మీది టీ మరకను రుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"ఆవిడ ఉరేసుకోలేదన్నా," అన్నాడు చివరికి. పిచ్చయ్యా అన్న పిలుపు నోట్లో ఎప్పుడు అన్నా అయిందో తనకే తెలియలేదు. "ఎవరో తోస్తే తలకు దెబ్బ తగిలి పోయింది. నీ మాట వల్ల కాదు."

పిచ్చయ్య నమ్మలేదు. నమ్మాలని మాత్రం చూశాడు. ఆ చూపు నుంచి తప్పించుకోవడానికే ఎలీషా లేచి నిలబడ్డాడు.

"ఈ టోపీ నేను తేకుండా ఉండాల్సింది. మీ దగ్గరే ఉంచుకోండి."

బయటికొస్తూ సెంట్రీతో, తాను ఫోన్ చేసేదాకా ఈ మనిషిని ఎవరు అడిగినా పంపవద్దన్నాడు.

*

ల్యాబ్ తాళం తీసింది టెక్నీషియన్ జాస్మిన్. మొన్న పొద్దున హారికను మొదట చూసింది ఈ అమ్మాయే. రెండు రోజులుగా నిద్రలేని కళ్ళు.

నేల మీద సుద్దగీత ఇంకా ఉంది. తల ఉన్న చోటు పక్కనే రక్తాలు నిల్వచేసే పెద్ద ఫ్రీజర్, దాని ఉక్కు పిడి. పిడికి అంటిన రక్తం శాంపిల్ తీసుకెళ్ళారు. దెబ్బ అక్కడ తగిలిందని శ్రీకృష్ణ కూడా కాదనలేదు. పిచ్చయ్య తోశాడన్నది అతని వాదన.

"ఈ తలుపు ఎటుపోతుంది?" ఎలీషా గది వెనకవైపు చూపించాడు.

"వార్డులోకి సార్. డాక్టర్లు రక్తాలు తెచ్చేది అట్నుంచే. అటువైపు కెమెరా లేదు."

"ఈ ఫ్రీజర్ తలుపు తెరిస్తే గుర్తుంటుందా?"

"ఉంటుంది సార్. లోపల చలి తగ్గితే రికార్డవుతుంది." జాస్మిన్ దాని ముందున్న చిన్న తెర మీద వేలితో జరుపుతూ పోయి ఆగింది. మళ్ళీ చూసింది. "అటుమొన్న రాత్రి ఎనిమిది నలభైకి తెరిచారు. చాలాసేపు తెరిచే ఉంచారు."

పిచ్చయ్య గేటు దాటింది ఏడు దాటిన కాసేపటికి. ఎనిమిది నలభైకి ఈ తలుపు తెరిచిన చెయ్యి ఆస్పత్రి లోపలిదే.

"ఏం పోయిందో చూడమ్మా."

మందపాటి చేతితొడుగులు వేసుకుని ఆమె అరలు లాగింది. తెల్లటి పొగ నేల మీదికి దిగింది. రెండో అరలో ఒక పెట్టె ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఇంజెక్షన్ ఒంటికి పడుతోందో లేదో చూడటానికి హారిక దాచిన పిల్లల రక్తాలన్నీ ఆ పెట్టెలోనే ఉండేవట. భువనది కూడా.

ఎలీషా మోకాళ్ళ మీద కూర్చుని ఫ్రీజర్ కిందికి టార్చి వేశాడు. చక్రం వెనక నీలం రంగులో ఏదో మెరిసింది. పెన్నుతో ఇవతలికి లాగాడు. మందు సీసా మీద ఉండే ప్లాస్టిక్ మూత. తిరగేసి చూస్తే లోపలివైపు జిగురు ఎండి పొరలా ఉంది.

"కంపెనీ వాళ్ళు జిగురు పెట్టరుగా?"

"పెట్టరు సార్. ఒకసారి మూత లేస్తే మళ్ళీ కూర్చోదు. ఎవరో అతికించారు."

"ఈ మందు సీసాలు ఎవరి చేతిలో ఉంటాయి?"

జాస్మిన్ చేతితొడుగులు తీసింది. "వార్డు ఫ్రిజ్‌లో సార్. తాళం శ్రీరమ్య మేడమ్ దగ్గర ఉంటుంది. పెద్ద డాక్టర్. హారిక మేడమ్‌కి చదువు చెప్పింది కూడా ఆవిడే." కొంచెం ఆగి, "ఆవిడ అట్టాంటి మనిషి కాదు సార్. వానాకాలం నుంచి ఈ మందుకి చాలా కరువుగా ఉంది. వేరే ఆస్పత్రుల్లో లేదు పొమ్మన్నారు. శ్రీరమ్య మేడమ్ ఒక్క పిల్లని కూడా వెనక్కి పంపలేదు," అంది.

"మందు చాలనప్పుడు, వెనక్కి పంపకుండా అందరికీ ఎట్టా ఇచ్చారమ్మా?"

జాస్మిన్ మెల్లగా కుర్చీ వీపు పట్టుకుంది.

అప్పుడే ముందు తలుపు నెట్టుకుని శ్రీకృష్ణ వచ్చాడు. ప్రెస్‌మీట్ కోసం మడత నలగని ఖాకీలో ఉన్నాడు.

"ముద్దాయిని పంపొద్దన్నారట?"

"అన్నాను."

"ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని మీరు ఫ్రీజర్లు వెతుకుతున్నారేంటి ఎలీషా గారూ? మీవల్ల కాని కేసు ఒక్కరోజులో తేల్చాననా?"

"డాక్టరమ్మ ఎట్టా పోయిందో అతనికి తెలియదు. మీరు చెప్పలేదు, అతను అడిగినా చెప్పలేదు. అది ఒప్పుకోలా?"

"భయంతో మర్చిపోయుంటాడు."

"ఎనిమిది నలభైకి ఈ ఫ్రీజర్ తెరిచారు. అప్పటికి అతను గేటు దాటి గంట పైనే అయింది."

శ్రీకృష్ణ తెర వంక చూసి మొహం తిప్పుకున్నాడు. "కంప్యూటర్ టైములు నమ్ముకుని ఎన్నాళ్ళని ఆస్పత్రిని అట్టిపెడతారు? వార్డులో పిల్లలున్నారు. తల్లులు భయపడి చస్తున్నారు. ఈ కేసు ఇవాళ మూసెయ్యాలి."

"ఆ తొందర కేసు కోసమేనా?"

"కాదు," అన్నాడు శ్రీకృష్ణ. దాచలేదు. "మా అబ్బాయి బాలుగాడు ఈ వెనక వార్డులోనే ఉన్నాడు. వాడికీ లుకేమియానే. మందు పడుతోంది, వాడు కోలుకుంటున్నాడు. మీ దర్యాప్తు పేరుతో అది ఆగితే నేను ఊరుకోను. కరువు రోజుల్లోనే ఆగనివ్వలేదు. ఒక్క పూట తప్పినా బాగుండదని శ్రీరమ్య గారికి ఫోన్ చేసి చెప్పా. అప్పట్నుంచి మావాడికి ఆవిడ తన చేత్తోనే వేస్తారు, నర్సుల్ని ముట్టుకోనివ్వరు."

ఎలీషా చేతిలో నీలం మూత ఉంది. అందరికీ నర్సులు వేసే సూది, ఈ ఒక్క పిల్లాడికి మాత్రం పెద్ద డాక్టర్ వేస్తుంది. ఏ సీసాలో ఏముందో తెలిసిన మనిషి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు కాబట్టి.

"తర్వాతి సూది ఎప్పుడు?"

"ఇవాళే. పన్నెండింటికి."

గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది. ఎలీషా వెనక తలుపు తీసి వార్డువైపు నడిచాడు. ఏమైందో తెలియకపోయినా, ఆ నడక చూసి శ్రీకృష్ణ కూడా వెంటబడ్డాడు.

*

డాక్టర్ శ్రీరమ్యకు అరవై దగ్గర పడుతుంటాయి. నేత చీర మీద తెల్లకోటు. కిటికీ పక్క మంచం మీద బాలు చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో సిరంజి నిండుగా ఉంది.

"ఒక్క నిమిషం డాక్టర్ గారూ," అన్నాడు ఎలీషా. "ఆ మందు ఏ సీసాలోది?"

"ఫ్రిజ్‌లోది."

"ఆ సీసా చూపించండి."

"పారేశాను."

నర్సు తోసుకొస్తున్న బండి మీద ట్రేలో మిగతా పిల్లల సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. అన్నిటికీ నీలం మూతలు. ఎలీషా ఒక సీసా తీసి మూత అంచుకు బొటనవేలు ఆనించాడు. "ఇది తీసి చూడమంటారా?"

"వద్దు," అంది శ్రీరమ్య. చాలా నెమ్మదిగా అంది. "హారిక కూడా అలాగే తీసింది."

ఎలీషా వేలు కదపలేదు. "హారిక గారు మూత తీసినప్పుడు పక్కన పిచ్చయ్య ఒక్కడే ఉన్నాడు. అతను ఎవరికీ చెప్పలేదు. మీకెట్టా తెలుసు?"

ఆమెకు అర్థమైంది. తప్పించుకోవాలని చూడలేదు. సిరంజికి జాగ్రత్తగా తొడుగు పెట్టింది.

"అతను వెళ్ళాక నన్ను పిలిచింది. ఎవరో దొంగ చేశాడనుకుంది పాపం. న్యాయం చెయ్యమని నా దగ్గరికే వచ్చింది. నా మొహం చూశాక తెలిసిపోయింది. పొద్దున్నే తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టి చెబుతానంది. రక్తాల పెట్టె తీసి ఒళ్ళో పెట్టుకుంది. లాక్కున్నాను. ఇవ్వలేదు, తోశాను." ఆమె నేలవైపు చూస్తూ మాట్లాడుతోంది. "ఊపిరి ఉందో లేదో వంగి చూడలేదు. డాక్టర్నయ్యుండి చూడలేదు."

శ్రీకృష్ణ ముందుకొచ్చాడు. "మందు ఎవరికమ్మారు?"

"అమ్మలేదు." మొదటిసారి తలెత్తింది. "వచ్చే మందు సగం మందికి కూడా చాలదు. లేదని చెబితే ఊరుకునే వాళ్ళున్నారు, ఊరుకోని వాళ్ళున్నారు. ఊరుకునే వాళ్ళ సీసాల్లోంచి తీసి సెలైన్ నీళ్ళు పోశాను. నెలాఖరుకి మందు వస్తుంది, సరిచేద్దామనుకున్నాను. రాలేదు."

"తీసింది ఎవరికిచ్చారు?"

ఆమె కళ్ళు బాలు మీదికి పోయాయి. చెప్పాల్సిన పనిలేదు. శ్రీకృష్ణ కొడుకు వైపు చూశాడు. వాడి బుగ్గలకు రంగు వచ్చింది. తల మీద కొత్త జుట్టు నూగులా మొలుస్తోంది. వారం వారం ఆ జుట్టు ఫోటో తీసి స్టేషన్లో అందరికీ చూపించేవాడు శ్రీకృష్ణ. ఎలీషాకూ చూపించాడు.

"ఆ పిచ్చయ్య కూతురిది..." శ్రీకృష్ణ మంచం కమ్మీ పట్టుకున్నాడు. "ఆ పిల్లది కూడా?"

"మీ బాబుకే వేశాను."

ఎలీషా తన ఒంటి మీది ఖాకీని చూసుకున్నాడు. ఊరుకోని వాళ్ళంటే ఎవరో ఆమె వేరే చెప్పనక్కర్లేదు. శ్రీకృష్ణ చేసింది ఒక ఫోను. పిల్లాడు తనవాడైతే తానూ చేసేవాడు. చేసి, తండ్రిగా తన పని తాను చేశానని రాత్రి హాయిగా నిద్రపోయేవాడు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. సిగ్గే వచ్చింది.

శ్రీకృష్ణ చెయ్యి చాపి, శ్రీరమ్య చేతిలోంచి సిరంజి తీసుకున్నాడు.

"ఇది ఎవరిది?"

ఆమె ఎలీషా చేతిలోని సీసాను, తర్వాత వార్డు చివరి మంచాన్ని చూసింది. ఎలీషా తన చేతిలోని సీసా తిప్పి పేరు చదివాడు. జమీలా. మూల మంచం మీద బక్కపలచని పిల్ల తన వంతు వస్తుందని అప్పుడే చెయ్యి చాపి కూర్చుని ఉంది. పక్కన తల్లి ఖుర్షిదా, చీరాల నుంచి వచ్చిన మగ్గం మనిషి, పిల్లకు విసనకర్రతో విసురుతోంది.

"చొక్కా చెయ్యి దించుకో నాన్నా," అన్నాడు శ్రీకృష్ణ కొడుకుతో. "ఇది నీది కాదు."

"మరి నాది?"

శ్రీకృష్ణ వాడి చొక్కా చెయ్యి తనే కిందికి దించాడు. ఎలీషా డ్యూటీ డాక్టర్ని పిలవమని నర్సుకు సైగ చేసి, శ్రీరమ్య పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. శ్రీకృష్ణ సిరంజిని రెండు చేతులతో పట్టుకుని మంచాల మధ్యగా మూలకు నడిచాడు. వార్డులో తల్లులంతా అతన్నే చూస్తున్నారు.

ఖాకీ బట్టలు తన మంచం వైపే వస్తుండటం చూసి ఖుర్షిదా విసనకర్ర కింద పెట్టి, బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది.

"మేమేం చేశాం సారూ?" అంది.